యూక్లిడ్ ‘పి’: ఒక తొలి అక్షరపు అచ్చు, ప్రాజెక్టు డైరీ

1482లో వెనిస్‌లో ఎర్హార్డ్ రాట్‌డోల్ట్ అచ్చువేసిన యూక్లిడ్ రేఖాగణితం మొదటి పుటలో ఒక ‘పి’ ఉంది. నల్లని చదరంలో తెల్లని అక్షరం, దాన్ని అల్లుకున్న తెల్లని తీగలు. ‘పుంక్టుస్ ఎస్ట్ క్యూయుస్ పార్స్ నాన్ ఎస్ట్’, అంటే భాగం లేనిది బిందువు అనే వాక్యం దానితో మొదలవుతుంది. ఆ ధోరణిలో ఒక ‘పి’ని చెక్క మీద చెక్కి, సీసపు టైపుతో కలిపి ఒకే ఫారంగా (ఒకే నొక్కులో అచ్చుపడే కూర్పుగా) బిగించి అచ్చు తీయాలి. ఆ తర్వాత అదే అక్షరాన్ని రెండు రంగుల్లో. పని ఇంతే.

టైపు, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ ప్రెస్సు, చిత్తు ముద్రలు తీసే ప్రూఫు ప్రెస్సు నావి కావు. పెళ్ళిపత్రికలు కూడా ఆఫ్‌సెట్‌కి వెళ్ళిపోయాక మూలపడ్డ ఒక జాబ్ ప్రెస్సులో, కంపోజింగ్ మేస్త్రిగారి దయతో వాడుకున్నాను. అందుకే ఖర్చుల్లో వాటి లెక్క ఉండదు.

## దశ 1: కొలతలు

బొమ్మను నచ్చిన సైజులో చెక్కి, టైపును దాని చుట్టూ సర్దుకుందామంటే కుదరదు. సీసం సాగదు, పంక్తుల మధ్య పెట్టే పలచటి సీసపు పట్టీ (లెడ్డు) కూడా సాగదు. బ్లాకు ఎత్తు పంక్తుల లెక్కలో ఇమిడి తీరాలి.

మొదట్లో ముద్రాపకులు ఈ తంటా పడలేదు. 1455 నాటి గుటెన్‌బర్గ్ 42 పంక్తుల బైబిల్లో పెద్ద అక్షరాలకు చోటు ఖాళీగా వదిలేశారు. కొన్నవాళ్ళు చిత్రకారుడికి ఇచ్చి రాయించుకునేవారు. తర్వాతి పుస్తకాల్లో ఆ ఖాళీ మధ్యన చీమంత అక్షరం ఒకటి అచ్చువేసేవారు, ఇక్కడ ఏది రాయాలో చిత్రకారుడికి తెలియడానికి. ఆ ఖాళీలు ఎవరూ నింపని ప్రతులు కూడా ఉన్నాయి. చేత్తో రాసేవాడు చోటునుబట్టి అక్షరాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. చెక్క ముక్కకు ఆ వీలు లేదు.

నేను వేసుకున్న లెక్క:

1. టైపు 12 పాయింట్ల రోమన్, పంక్తుల మధ్య 2 పాయింట్ల లెడ్డు. పంక్తికి 14.
2. 8 పంక్తుల లోతు: 8 × 14 = 112. చివరి పంక్తి కింది లెడ్డు తీసేస్తే 110 పాయింట్లు. ఒక పాయింటు 0.3515 మి.మీ. కాబట్టి చెక్క ముక్క ఎత్తు 38.66 మి.మీ.
3. కాగితం మీద పడే చదరం మాత్రం ఇంతకంటే చిన్నది. దాని పై అంచు మొదటి పంక్తిలోని పెద్ద అక్షరాల నెత్తితో, కింది అంచు 8వ పంక్తి అక్షరాల పాదంతో కలవాలి. నా టైపులో పైన 2, కింద 3 పాయింట్ల ఖాళీ ఉంది. అవి పోగా చదరం 105 పాయింట్లు, అంటే 36.9 మి.మీ.
4. వెడల్పు: చదరం 105, కుడివైపు 3 పాయింట్ల మెట్టు (అచ్చు పడకుండా లోతుగా తీసేసిన అంచు). ముక్క మొత్తం 108.
5. పుట పంక్తి 24 ఎమ్‌లు (ఎమ్‌కు 12 పాయింట్లు), అంటే 288 పాయింట్లు. 108 బ్లాకుకు, 6 ఖాళీకి పోతే మిగిలేది 174. అంటే మొదటి 8 పంక్తులు 14½ ఎమ్‌ల కొలతలో కూర్చాలి.

3వ అంకెను చాలామంది వదిలేస్తారు. ముక్క అంచు దాకా నలుపు ఉంచి చెక్కితే చదరం పైకీ కిందికీ తన్నుకొచ్చి, పంక్తులు దాని పక్కన జారిపోయినట్టు కనిపిస్తాయి. 5లోని 6 పాయింట్లు కూడా ఊరికే వేసిన అంకె కాదు. 6 + 3 = 9. చదరం కింద, తర్వాతి పంక్తి చిన్న అక్షరాల నెత్తి దాకా ఉన్న తెలుపు కూడా దాదాపు అంతే. ఈ రెండూ సమానమైతేనే అక్షరం పుటలో కూర్చుంటుంది.

## దశ 2: ఏ చెక్క

యూరప్‌లో ఇలాంటి పనికి ఎక్కువగా బేరి చెక్క వాడేవారు. నార సన్నగా ఉంటుంది, అన్ని దిక్కులకూ ఒకేలా తెగుతుంది. మన దగ్గర దాని జోలికి పోనక్కర్లేదు.

టేకు: కలంకారీ గుడ్డల మీద అద్దే అచ్చులు పెడనలో టేకు మీదే చెక్కుతారు కాబట్టి మొదటి ముక్క అక్కడే చేయించాను. చెక్కడంలో వంక పెట్టడానికి లేదు. అచ్చు తీస్తే నల్లని నేల నిండా తెల్లని చారలు. టేకులో రంధ్రాలు పెద్దవి. గుడ్డ మెత్తగా లోపలికి దిగుతుంది, రంగు చిక్కగా ఉంటుంది, అక్కడ ఈ లోపం తేలదు. నున్నటి కాగితం మీద ప్రతి రంధ్రమూ తేలింది. చెక్కిన పెద్దాయన ముందే అన్నాడు: “గుడ్డకైతే ఇది చాలు బాబూ. కాగితం సంగతి నాకు తెలవదు.”

పొణికి: కొండపల్లి బొమ్మల చెక్క. కత్తికి వెన్నలా తెగుతుంది. అందుకే పనికిరాదు. టైపు అంచు ఒకసారి తగిలేసరికి సొట్ట పడింది, సన్న గీతలు రెండు మూడు ముద్రలకే నలిగాయి.

జామ: పెరట్లో నరికిన కొమ్మ, ముంజేయంత లావు. గట్టి చెక్క, నార కనిపించనంత సన్నం. అచ్చులో నలుపు నలుపుగా వచ్చింది. దీనితోనే స్థిరపడ్డాను. చిక్కల్లా ఆరబెట్టడంలోనే. ఎండలో పెట్టిన ముక్క నడిబొడ్డు నుంచి అంచు దాకా పగిలింది. పనిచేసిన పద్ధతి ఇది:

1. కొమ్మ మధ్యలోని బొడ్డును వదిలేసి, పక్కనుంచి పలకలు కోయించాలి. మందం 28 మి.మీ.
2. కోసిన రోజే రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం పట్టించాలి.
3. నీడలో, గాలి ఆడేలా, పలకల మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి.
4. వారానికోసారి తూచాలి. బరువు తగ్గడం ఆగాకే చిత్రిక.

చెక్కేది కొమ్మ పొడవునా కోసిన పలక ముఖం మీద, అడ్డకోత ముఖం మీద కాదు. అడ్డకోత మీద సన్న పనిముట్లతో చెక్కే పద్ధతికి పేరు తెచ్చింది 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో థామస్ బ్యూయిక్. రాట్‌డోల్ట్ కాలానికి అది ఇంకా మూడు వందల ఏళ్ళ దూరం.

ఖర్చు: టేకు ముక్క, చెక్కినందుకు 900. పొణికి 60. జామ కోతకూలి 150.
ఇప్పటిదాకా: ₹1,110

## దశ 3: బొమ్మ ఎక్కించడం, చెక్కడం

వెనిస్‌లో రాట్‌డోల్ట్‌తో మొదట్లో భాగస్వాములుగా ఉన్న ఇద్దరిలో బెర్న్‌హార్డ్ మాలర్ ఒకడు. చిత్రకారుడని ఆ పేరే చెబుతోంది. ఈ తెల్లతీగల అల్లిక అప్పటికే ఇటలీ చేతిరాత పుస్తకాల్లో ఉన్నదే. అక్కడ రంగులు నింపేవారు. అచ్చులో రంగులన్నీ తీసేసి, నేలంతా నలుపు, తీగంతా తెలుపు చేశారు. చెక్కేవాడికి ఇది పెద్ద ఊరట. నల్ల గీతలతో వేసిన బొమ్మలో ప్రతి గీతకూ రెండు పక్కలా తవ్వి గోడ నిలబెట్టాలి. ఇక్కడ తవ్వింది తీగ, వదిలింది నేల. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ రకంతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

1. బొమ్మను తిప్పకుండా, చదివే దిశలోనే జిరాక్సు తీయాలి. బోర్లా పెడితే అదే తిరగబడుతుంది.
2. జిరాక్సు వెనక థిన్నర్‌లో ముంచిన దూది అద్ది, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాలి. తడి ఎక్కువైతే నలుపు పాకుతుంది.
3. ‘పి’ నిలువు కాలు చెక్క నార దిశలో ఉండాలి.
4. తీగల అంచులు 11వ నంబరు సర్జికల్ బ్లేడుతో. బ్లేడు తెలుపువైపు వాలాలి, అప్పుడు నలుపు గోడ అడుగున వెడల్పుగా నిలుస్తుంది.
5. మధ్య భాగం 2 మి.మీ. గుండ్రపు ఉలితో. సన్న తీగల్లో లోతు 1.5 మి.మీ., అక్షరం పొట్టలో 3 మి.మీ. పొట్ట వెడల్పు కాబట్టి లోతు చాలకపోతే రోలరు అందులోకి దిగి మచ్చలు పెడుతుంది.
6. పైన 2, కింద 3, పక్కన 3 పాయింట్ల మెట్లు అన్నిటికంటే చివర్లో. అచ్చు ముఖం మీద ఎడమ కుడి అవుతుందని మరవొద్దు.

విరిగినవి ఎక్కడెక్కడ అంటే, తీగలు ఒకదాన్నొకటి దాటే చోట మిగిలే చిన్న నల్ల ముక్కోణాల దగ్గర. 0.8 మి.మీ. కంటే చిన్నవన్నీ ఎగిరిపోయాయి. రెండో ముక్కకు బొమ్మనే మార్చాను: అలాంటి ముక్కోణాలను తీగలో కలిపేశాను, ఆకుల ఈనెల్లో సగం తీసేశాను. అచ్చులో చూసినవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. చుట్టూ పెట్టిన 0.5 మి.మీ. నల్ల గీత నారకు అడ్డంగా వెళ్ళే చోట రెండుసార్లు ఊడింది. దాన్ని 0.9 చేశాక నిలిచింది.

నేల మీద తెల్ల చుక్కలు కూడా పెట్టి చూశాను. 16వ శతాబ్దంలో పారిస్‌లో జాఫ్రువా తోరీ వేసిన తొలి అక్షరాల వెనక అలాంటి చుక్కల నేలే ఉంటుంది. సూదిమొన పోటుతో కొడితే జామ చెక్క చుక్క చుట్టూ ఉబ్బింది. 0.6 మి.మీ. బర్మాతో తిప్పితే చుక్కలు శుభ్రంగానే పడ్డాయి గానీ, ఇంకు పూడి రెండో ముద్రకే మూసుకుపోయాయి. లోహం మీద ప్రయత్నించేవాళ్ళకు వదిలేస్తున్నాను.

ఈ పని విలువ తెలిసినవాళ్ళు దాన్ని వదులుకోరు. 1460లలో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో గుంథర్ జైనర్ అనే ముద్రాపకుడు బొమ్మల పుస్తకాలు వేయబోతే అక్కడి చెక్క అచ్చుల పనివాళ్ళ సంఘం అడ్డుపడింది. ఒక మఠాధిపతి మధ్యవర్తిగా వచ్చాక రాజీ కుదిరింది. అచ్చులు సంఘంవాళ్ళ చేతే చెక్కించుకోవాలన్నది షరతు. సరిగ్గా చెక్కిన ఒక ముక్కకు ఎంత చెయ్యి అరుగుతుందో చూశాక వాళ్ళ పక్షానే ఉన్నాను. రాట్‌డోల్ట్‌ది కూడా ఆ ఊరే.

ఖర్చు: బ్లేడ్లు, పిడి 240. ఉలి 650. బల్లకు బిగించే భూతద్దం 350.
ఇప్పటిదాకా: ₹2,350

## దశ 4: టైపు ఎత్తు

సీసపు టైపు ఎత్తు (పుట మీది ఎత్తు కాదు, అడుగు నుంచి అచ్చు ముఖం దాకా) 0.918 అంగుళం, అంటే 23.32 మి.మీ. ఇది పుస్తకంలో అంకె. కేసులోంచి తీసి వెర్నియర్‌తో కొలిస్తే అరిగిన టైపు 23.25 నుంచి 23.30 దాకా వచ్చింది. బ్లాకును ఆ టైపుకు సరిచూడాలి, పుస్తకానికి కాదు.

చెక్కను మొదట సరిగ్గా 23.3కి చిత్రిక పట్టాను. వాన పట్టిన వారంలో 23.4 దాటింది, పైగా ముఖం కాస్త వంగి నాలుగు మూలలూ కాగితాన్ని కోశాయి. అప్పటి నుంచి ఇలా:

1. చెక్కను 22.8 దగ్గర ఆపేయాలి. ఎప్పుడూ తక్కువే.
2. అడుగున అట్టముక్క, దాని మీద పలచటి కాగితాలు వేసి ఎత్తు పెంచాలి.
3. మొదటి ముద్రలో మూలలు బరువుగా వస్తే అడుగు కాగితాన్ని మూలల దగ్గర చింపాలి. కత్తిరిస్తే అంచు తెలుస్తుంది, చింపితే తెలియదు.
4. చివరి ఎత్తు టైపు కంటే 0.05 నుంచి 0.08 మి.మీ. ఎక్కువ. నలుపు నిండుగా రావడానికి ఆ కాస్త కావాలి.

వాతావరణం మారిన ప్రతిసారీ 2, 3 మళ్ళీ చేయాల్సిందే.

## దశ 5: బిగింపు

ఎనిమిది పొట్టి పంక్తులు ఒకవైపు, వాటి పక్కన చెక్క ముక్క, కింద పూర్తి పంక్తులు. ముక్క 38.66 బదులు 38.9 ఉంటే బిగింపు ఒత్తిడంతా దాని మీదే పడుతుంది. పక్కన ఉన్న ఎనిమిది పంక్తులు వదులై, చేసు (ఫారం బిగించే ఇనుప చట్రం) ఎత్తగానే రాలతాయి. రాలాయి కూడా, మేస్త్రిగారు చూస్తుండగా.

“చెక్కను నమ్మి బిగించకూడదండీ. దాన్ని తక్కువ చేసి, సీసం పట్టుకున్నాక మిగతాది కాగితంతో నింపండి” అన్నారు.

అలాగే ముక్కను 38.4కి అరగదీశాను. మిగిలిన 0.26 మి.మీ.ని కార్డు చీలికలతో, చివర్లో సన్నని రాగి రేకుతో నింపాను. ముక్క మూలలు కచ్చితంగా లంబంగా ఉండాలి. అర డిగ్రీ తేడా ఉన్నా క్వాయిన్లు (చేసులో టైపును ఒత్తి పట్టే చీలలు) బిగించేకొద్దీ టైపు పైకి లేస్తుంది. బిగించాక చేసు ఒక మూల కింద చిన్న ముక్క పెట్టి ఎత్తి, ప్రతి పంక్తినీ వేలితో నొక్కి చూడాలి. కదిలిందంటే మళ్ళీ విప్పాలి.

అక్షరం తర్వాత వచ్చే ‘యు’ని కూడా పెద్ద అక్షరంలోనే కూర్చాను. పాత పుస్తకాల్లో ఇది మామూలే. చిన్నది పెడితే చదరం పక్కన పదం రెండు ముక్కలైనట్టుంది.

ఖర్చు: వెర్నియర్ 800. కార్డు, రాగి రేకు 110.
ఇప్పటిదాకా: ₹3,260

## దశ 6: ఇంకు, కాగితం

అన్నిటికంటే ఎక్కువ కాగితం తిన్న దశ ఇది. 37 మి.మీ. నల్ల చదరానికి ఇంకు ఎక్కువ కావాలి, 12 పాయింట్ల టైపుకు తక్కువ కావాలి. ఇంకు పెంచితే చిన్న అక్షరాల కళ్ళు పూడిపోతాయి. తగ్గిస్తే చదరం బూడిదరంగులో, చుక్కలు చుక్కలుగా వస్తుంది. ప్యాకింగ్ (కాగితం వెనక ప్రెస్సు పలక మీద వేసే కాగితాల దొంతర) పెంచితే టైపు కాగితం వెనకకు పొడుచుకొస్తుంది, నలుపు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకు మార్చడం, థిన్నర్ కలపడం, రోలరు ఎత్తు మార్చడం, ఏవీ పూర్తిగా తీర్చలేదు. తీర్చింది తడి కాగితం. 15వ శతాబ్దపు ముద్రాపకులు కాగితాన్ని ముందురోజే తడిపి ఉంచేవారు. తోలు బంతులతో ఇంకు అద్ది, చెక్క ప్రెస్సు మీద మెత్తని అస్తరుతో నొక్కేవారు. తడి కాగితం ఇంకును తానే లాక్కుంటుంది, అంత ఒత్తిడి అక్కర్లేదు.

1. చేతితో చేసిన నూలు కాగితం, 120 జీఎస్‌ఎమ్ దగ్గర. పూత పూసిన కాగితం పనికిరాదు.
2. ఒక షీటును నీళ్ళలో ముంచి తీయాలి, దాని మీద రెండు పొడి షీట్లు. మళ్ళీ ఒక తడిది. కట్టంతా ఇలాగే.
3. పాలిథీన్‌లో చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదలాలి.
4. పొద్దున కట్టను తిరగవేసి ఇంకో రెండు గంటలు. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, నీరు మెరవకూడదు.
5. ఆ రోజే వాడేయాలి. మన ఉక్కలో రెండో రోజుకు బూజు చుక్కలు మొదలవుతాయి.

దీనితో పాటు ప్రెస్సు పలక మీది ప్యాకింగ్‌లో, చదరం పడే చోట మాత్రం ఒక పలచని కాగితం అతికించాను. ఈ రెండింటితో ఇంకు మామూలు మోతాదులోనే ఉంచి నిండు నలుపు వచ్చింది. ఇదే యూక్లిడ్ కొన్ని ప్రతుల్లో, వెనిస్ పాలకుడు మొచెనీగోకి ఇచ్చిన అంకితం బంగారు అక్షరాల్లో అచ్చయింది. ఒక్క నలుపుకే ఇంత కాగితం పోయాక ఆ పుట గురించి ఆలోచించడం మానేశాను.

ఖర్చు: నల్ల ఇంకు 520. కాగితం 1,400.
ఇప్పటిదాకా: ₹5,180

## దశ 7: రెండు రంగులు

జర్మనీలోని మెయింజ్‌లో యోహాన్ ఫుస్ట్, పీటర్ షోఫర్ అనే ముద్రాపకులు 1457 ఆగస్టు 14 తేదీతో వెలువరించిన కీర్తనల గ్రంథంలో తొలి అక్షరాలు ఎరుపు, నీలం రంగుల్లో ఉంటాయి. అక్షరం ఒక రంగు, చుట్టూ సన్నని లతలు ఇంకో రంగు. రెండూ ఎంత కచ్చితంగా అమరాయంటే, ఒకే నొక్కులో వచ్చి ఉండాలని పరిశోధకుల్లో చాలామంది భావించారు: అక్షరం ఒక ముక్క, లతలు ఇంకో ముక్క, విడివిడిగా ఇంకు పూసి, ఒకదానిలో ఒకటి దించి, ఫారంతో కలిపి అచ్చు.

ట్రెడిల్ మీద ఇది అసాధ్యమని బ్లాకు బిగించిన క్షణంలోనే తేలుతుంది. దాని ఫారం నిలువుగా నిలబడుతుంది, వదులుగా ఉన్న ముక్క ముందుకు పడిపోతుంది. పైగా ప్రతి నొక్కుకూ రోలర్లు మొత్తం ఫారం మీద తిరుగుతాయి. కాబట్టి చదునైన ప్రూఫు ప్రెస్సుకు మారాను. అది గ్యాలీతో (కూర్చిన టైపు ఉంచే రేకు పళ్ళెంతో) సహా పెట్టడానికి చేసినది. గ్యాలీ లేకుండా పెడితే ఆ మందం, నా దగ్గర 1.2 మి.మీ., కింద రేకు వేసి పూరించాలి.

1. 3 మి.మీ. ఇత్తడి రేకులో ‘పి’ని సన్న రంపంతో కోసి, ఆకురాయి పట్టి, అదే ఆకారపు చెక్క దిమ్మకు అతికించాలి.
2. లతల బ్లాకులో ఆ దిమ్మ దిగేలా అడుగు దాకా తొలిచేయాలి.
3. లతలకు చిన్న రోలరుతో నీలం.
4. అక్షరాన్ని బయటకు తీసి, గుడ్డ చుట్టిన దూది ఉండతో ఎరుపు అద్ది, లోపలికి దించాలి. పట్టుకోవడానికి పక్కన చిన్న మేకు.
5. కాగితం, నొక్కు.

మొదట సందు 0.1 మి.మీ. పెట్టాను. పొడి రోజుల్లో సులువుగా దిగేది, తేమ రోజున చెక్క ఉబ్బి ఇరుక్కుపోయింది. లాగితే ఎరుపు నీలంలోకి కారింది. 0.25కి పెంచాక దిగుతోంది. రెండు రంగుల మధ్య సన్నని తెల్ల గీత మిగులుతోంది, నాకది బాగానే ఉంది. బయటి బ్లాకు కూడా లోహమైతే సందు ఇంకా తగ్గించొచ్చు.

పోల్చడానికి రెండు విడతల్లో కూడా తీశాను, ముందు నీలం, తర్వాత ఎరుపు. మధ్యలో కాగితం ఆరితే అంతే సంగతులు: తడిగా 201.4 మి.మీ. ఉన్న షీటు ఆరాక 200కి దిగింది, అక్షరం లతల్లోకి జరిగింది. విడతల మధ్య పాలిథీన్‌లో ఉంచితే కొంత నయం. దించే పద్ధతిలో ఈ బాధే లేదు, కానీ ఒక్క షీటుకు పట్టే సమయంలో ట్రెడిల్ మీద నలుపు షీట్లు ఒక దొంతర తీయొచ్చు. మెయింజ్ పద్ధతిని మిగతా ముద్రాపకులు ఎందుకు అందుకోలేదో, ఒకే నలుపులో అచ్చయ్యే తెల్లతీగ అక్షరం ఎందుకు పాకిందో ఈ బల్ల దగ్గర నిలబడితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఖర్చు: ఇత్తడి 450. రంపపు బ్లేడ్లు 120. ఎరుపు, నీలం ఇంకులు 740.
మొత్తం: ₹6,490

## తెలుగులో చేయబోయేవాళ్ళకు

నా తర్వాతి ముక్క ‘క’. బొమ్మ గీయకముందే రెండు కొలతలు మారాయి. మనకు పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి చదరం పై అంచును మొదటి పంక్తి తలకట్లతో కలపాలి. కింది అంచును చివరి పంక్తి అక్షరాల అడుగుతో కలపాలి, వత్తుల అడుగుతో కాదు. ఆ పంక్తిలో వత్తులుంటే అవి చదరం కంటే కిందికి వేలాడతాయి, అలా వదిలేయొచ్చు. వత్తుల కోసం పంక్తుల మధ్య 2 బదులు 6 పాయింట్లు ఉంచుతున్నాను, పంక్తికి 18. ఆరు పంక్తుల లోతుకు 6 × 18 – 6 = 102 పాయింట్లు, అంటే 35.85 మి.మీ. అక్షరానికే వత్తు ఉంటే, ‘శ్రీ’లాగా, అది చదరం లోపలే ఇమడాలి. అప్పుడు పై భాగం మూడింట రెండు వంతులకు కుదించుకుపోతుంది. అందుకే మొదటి ప్రయత్నానికి వత్తులేని అక్షరం. జామ పలక ఆరుతోంది, ఈ వారం తూకం 4 గ్రాములు తగ్గింది.